హోల్డర్ లేని టూలు

"మీ అత్త చేసిన తప్పు అందరికీ అర్థమయ్యేలా సిమ్యులేషన్ నువ్వే సెట్ చెయ్యమ్మా. నీకు చెయ్యి తిరిగిన పనే కదా" అన్నాడు అల్లుడుగారు. పొద్దున్నే నా బల్ల మీదికి వంగి, నా టీ కప్పు పక్కన తన ఫోను పెట్టి మరీ అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ టీ అతని మొహాన కొట్టకపోవడానికి కారణం ఒక్కటే, నేనింకా తాగలేదు.

అల్లుడుగారంటే మా షెడ్డు యజమానికి అల్లుడు. యజమానిని అందరం పెద్దాయన అంటాం. పెద్దాయన ఆయన్ని అల్లుడుగారూ అని పిలవడం విని, వర్కర్లందరికీ అదే నోటికి అలవాటైంది. ఆ లెక్కన ఆయన మా అందరికీ అల్లుడే, మర్యాదల్లో ఎక్కడా లోటు రాకూడదు. వస్తే లేవాలి, కుర్చీ జరపాలి, జోకు వేస్తే అర్థం కాకపోయినా నవ్వాలి. కంప్యూటర్ గదిలో ఆయన మాటే శాసనం. అందులో ఆయన కింద పనిచేసే ప్రోగ్రామర్ని నేను.

మా అత్త అంటే మా నాన్న చెల్లెలు. నాన్నది ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం కావడంతో నేను జడలు వేయించుకున్నదీ, లెక్కలు నేర్చుకున్నదీ, తిట్లు తిన్నదీ ఆవిడ ఇంట్లోనే. ఇప్పటికీ ఉండేది అక్కడే. షెడ్డులో కిటికీ పక్కన, కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే పెద్ద సీఎన్‌సీ లేత్ ఆవిడది. కొనుక్కుందని కాదు, ఇంకెవరైనా దాని తలుపు మీద చెయ్యేస్తే ఊరుకోదని. నన్ను చూసి అందరూ ఆవిడని అత్తా అనే పిలుస్తారు. మా షెడ్డులో ఒక అత్త, ఒక అల్లుడు ఉన్నారు, పడదు అని చెప్పి కొత్తగా చేరినవాళ్ళని నవ్విస్తుంటారు. కిందటి వారం నుంచి ఆ జోకుకి ఎవరూ నవ్వడం లేదు.

కిందటి వారం జరిగింది చెప్పాలంటే ముందు మా పని ఎలా నడుస్తుందో చెప్పాలి. లేత్ మీద ఇనప ముక్క గిర్రున తిరుగుతుంటే టూలు దాన్ని కోస్తుంది. ముక్కని చక్కు పట్టుకుంటుంది, చక్కుకి మూడు ఉక్కు దవడలు. ముక్కతో పాటు అవీ అంతే వేగంతో తిరుగుతాయి. టూలు ఏ దారిన వెళ్ళి ఎక్కడ కోయాలో క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో నేను గీస్తాను. ఆ దారిని నిజం మెషీన్ మీదికి పంపే ముందు, తెర మీద ఉత్తుత్తి మెషీన్‌లో నడిపి చూడాలి. అదే సిమ్యులేషన్. అందులో ఏది దేనికి తగిలినా ఎర్రబడుతుంది, తగలకపోతే పచ్చగా ఉంటుంది. నడిపి చూసి సరే అనాల్సింది అల్లుడుగారు. ఆయన సరే అననిదే ఏ ప్రోగ్రామూ గది దాటదు.

కిందటి వారం ఒక కొత్త పనికి దారి గీశాను. చక్కుకి బాగా దగ్గరలో ఒక సన్నని గాడి పడాలి. ఆయన పచ్చగా ఉందని పంపేశాడు. అత్త మొదటి ముక్క బిగించి స్టార్ట్ నొక్కింది. గాడి టూలు విసురుగా వెళ్ళి తిరుగుతున్న దవడని గుద్దుకుంది. ఆ చప్పుడు కంప్యూటర్ గదిలో కూర్చున్న నన్ను కుర్చీలోంచి లేపేసింది. దవడ మొన విరిగి తలుపు అద్దానికి తగిలింది. అద్దం బీటలు వారిందే కానీ ఊడి రాలేదు. ఊడి ఉంటే దాని వెనకే అత్త మొహం ఉంది. ఉలిక్కిపడి వెనక్కి పడటంతో మోచెయ్యి కొట్టుకుపోయింది.

అల్లుడుగారు వచ్చి, పడ్డమనిషిని చూడకుండా మెషీన్ తెర చూశాడు. "ఆఫ్‌సెట్ తప్పు కొట్టారు" అన్నాడు. టూలు మొన ఎక్కడుందో మెషీన్‌కి చెప్పే అంకె ఆఫ్‌సెట్. దాన్ని కొట్టేది ఆపరేటర్. దెబ్బకి టూళ్ళు బిగించే డ్రమ్మే పక్కకి తిరిగిపోయింది కాబట్టి, అత్త కొట్టింది తప్పో ఒప్పో ఇక కొలిచి తేల్చే దారి లేదు. అది ఆయనకి బాగా కలిసొచ్చింది.

నన్ను మండించింది ఆయన మాట కాదు. మర్నాడు ఆయన కేబిన్‌లోకి పిలిచి అడిగితే అత్త "అవునండీ, నేనే తప్పు కొట్టుంటాను" అనడం. కూరలో ఉప్పు ఎక్కువైందని అంటేనే రెండు రోజులు మాట్లాడని మనిషి. పక్క మెషీన్‌వాడు తన కొలత తప్పన్నాడని అతని ముక్కనీ తన ముక్కనీ పక్కపక్కన పెట్టి భోజనాల గంట కొట్టినా కదలని మనిషి.

ఇంటికొచ్చాక నిలదీశాను.

"నువ్వు ఆఫ్‌సెట్ తప్పు కొట్టావా?"

"కొట్టే ఉంటాను."

"ఉంటాను ఏంటత్తా? కొట్టావా, లేదా?"

"వయసు మీద పడుతోందే. అన్నం చల్లారిపోతోంది, తిను."

"నాకొద్దు."

"వద్దంటే పస్తుండు. నాకేం."

ఆ రాత్రి ఇద్దరం తినలేదు. గిన్నెలు మాత్రం ఇద్దరం చప్పుడు చేస్తూ కడిగాం.

చివరికి తేల్చింది ఏంటంటే, మెషీన్ బాగుచేసిన రోజు షిఫ్టు మారే వేళకి అందరినీ పెద్ద తెర ముందు కూర్చోబెట్టి, ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదని సిమ్యులేషన్ వేసి చూపించాలి. అత్త లేచి తప్పు నాది అని చెప్పాలి. రేపట్నుంచి లేత్ మానేసి, అంచులు ఆకురాయితో గీకే బల్ల దగ్గర కూర్చోవాలి. లేత్ తీసేసుకుంటే ఆవిడకి ఇంక షెడ్డే లేదని నాకు తెలుసు. నిన్న సాయంత్రమే తన సొరుగు ఖాళీ చేసి, కొలతల పరికరాలు గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేసుకుంది. ఆ మూట వంటింట్లో పప్పు డబ్బాల పక్కన ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తోంది.

ఆ రోజు ఇదే. ఆ సిమ్యులేషన్ నన్నే సెట్ చెయ్యమంటున్నాడు. ఆయన కంప్యూటర్‌లో పాతది ఉంది కదా అంటే, అది పెద్ద తెరకి కలవదట, నా దాంట్లో కొత్తగా పెట్టాలట.

"చేస్తాను" అన్నాను. నా గొంతు నాకే చల్లగా వినిపించింది. అల్లుడుగారు ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు. ఫోను పెట్టిన చోట టీ ఒలికి ఉంది.

ఉత్తుత్తి మెషీన్ తెరిచాను. మా లేత్ బొమ్మ ఉంది, చక్కు ఉంది, దవడలున్నాయి. ముక్క పెట్టాను. ఇక క్యామ్‌లో నేను వాడిన టూళ్ళని ఇందులోకి తెచ్చుకోవాలి. తెచ్చాను. వరసగా వచ్చి డ్రమ్ము చుట్టూ నిలబడ్డాయి. గాడి టూలు వంతు వచ్చేసరికి తెరని దగ్గరికి జరిపి, కళ్ళు చికిలించి చూశాను.

అక్కడ ఉన్నది గోరంత మొన. అది గాల్లో వేలాడుతోంది. దాన్ని పట్టుకునే హోల్డర్ లేదు. చెయ్యి లేకుండా వేలి గోరు ఒక్కటే వచ్చి గీకుతున్నట్టుంది.

వెనక్కి వెళ్ళి చూశాను. టూళ్ళు తెచ్చేటప్పుడు, హోల్డర్లు కూడా తేవాలా అని ఒక గడి ఉంది. అల్లుడుగారు తయారుచేసిన మూస ఫైల్లో ఆ గడిలో టిక్కు తీసేసి ఉంది. ఆ మూస మీదనుంచే కదా మా షెడ్డు పనులన్నీ పచ్చగా బయటికి వెళ్ళింది.

కుర్చీలో వెనక్కి వాలాను. నేను దారి గీసే చోట హోల్డర్ ఉంటుంది, చక్కు ఉండదు. ఆయన నడిపి చూసే చోట చక్కు ఉంది, హోల్డర్ లేదు. హోల్డరూ చక్కూ రెండూ ఉండేది మా అత్త ముందర ఒక్కటే. మేమిద్దరం ఏసీ గదిలో కూర్చుని చూడని గుద్దు, ఆవిడ మొహం ముందు గుద్దింది.

టిక్కు పెట్టాను. హోల్డర్ వచ్చింది. నడిపాను. గాడి దగ్గరికి విసురుగా వెళ్ళే చోట హోల్డర్ ఎడమ పక్క దవడకి తగిలి తెరంతా ఎర్రబడింది. ఆఫ్‌సెట్ వంకర లేకుండా, అచ్చంగా ఎలా ఉండాలో అలా ఉన్నా ఎర్రబడింది.

పరుగున వెళ్ళి అల్లుడుగార్ని పిలుచుకొచ్చాను. ఆయన ఎర్ర తెర చూసి చిరాకు పడ్డాడు.

"అబ్బ, ఆ టిక్కు ఎందుకు పెట్టావు? అది పెడితే ప్రతి పనికీ ఇలాగే అరుస్తుంది. కావాలనే తీసేశాను."

"అరిస్తే చూడాలి కదండీ?"

"ఏం చూస్తాం? బొమ్మలో దవడలు లావుగా గీసి ఉన్నాయి. మన దవడలు అంత లావు లేవు. లేని దానికి తగిలిందని ఎర్రగా చూపిస్తుంది. రోజంతా దీంతో కూర్చుంటే పనులు బయటికెలా పోతాయి?"

సరేనని వెర్నియర్ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. దవడలు కొలిచాను. ఆయన చెప్పింది నిజమే, బొమ్మలో కాస్త లావుగానే ఉన్నాయి. సరిచేశాను. కొత్తగా తెచ్చిన గాడి టూలు హోల్డర్ కూడా కొలిచి, బొమ్మలో దాన్నీ సరిచేశాను. మళ్ళీ నడిపాను. మళ్ళీ ఎర్రబడింది. ఈసారి ఎరుపు కొంచెం చిన్నది, అంతే. తగలడం తగలడమే.

"ఇప్పుడేమంటారు?" అన్నాను.

ఆయన నా చేతిలోంచి మౌస్ లాక్కున్నాడు. టిక్కు తీసేశాడు. నడిపాడు. పచ్చగా, ముద్దుగా, గాల్లో గోరు ఒక్కటే వెళ్ళి గాడి కోసుకొచ్చింది.

"సాయంత్రం ఇది చూపిస్తున్నాం" అన్నాడు. "ఇంకోమాట. ఎర్రది చూపిస్తే తప్పు ఎవరి మీదికొస్తుందో ఆలోచించావా? ప్రోగ్రాం రాసింది నువ్వు. పేరు నీదే ఉంది. మీ అత్త మర్యాదగా ఒప్పుకుంది. నువ్వెందుకు లేనిపోనిది నెత్తికెత్తుకుంటావు?"

నా మంచి కోరేవాడిలా నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అది ఇంతకు ముందు ఇంకెవరి ముందో ఒకసారి నవ్వి చూసుకున్న నవ్వులా ఉంది.

షిఫ్టు మారే వేళకి అందరూ చేరారు. అత్త మోచేతికి కట్టుతో వెనక వరసలో కూర్చుంది, నా వైపు చూడలేదు. పెద్దాయన ముందు కుర్చీలో. పచ్చ సిమ్యులేషన్ మొదట్నుంచి చివరిదాకా నడిచింది. చక్కు తిరిగింది, గోరు వెళ్ళింది, గాడి పడింది. అల్లుడుగారు చేతులు కట్టుకుని "చూశారు కదా, ప్రోగ్రాం శుభ్రంగా ఉంది" అన్నాడు. పెద్దాయన వెనక్కి తిరిగి "ఏమ్మా, చెప్తావా మరి" అన్నారు. అత్త లేవబోయింది.

ముందు నేను లేచాను.

"ప్రోగ్రాం శుభ్రంగా ఉంటే రేపు ఇదే నడుస్తుంది కదండీ?"

"నడుస్తుంది" అన్నాడు అల్లుడుగారు.

"మార్చరు కదా?"

"తప్పు లేనప్పుడు ఎందుకు మారుస్తాం?"

"అయితే రేపటిదాకా ఎందుకు? మెషీన్ బాగైంది, టూలు కొత్తది బిగించే ఉంది. ఆఫ్‌సెట్ మీరే కొట్టండి, మీకు వచ్చు కదా. స్టార్ట్ మీరే నొక్కండి. ఒక్క ముక్క తీసి చూపిస్తే మా అత్త తప్పు చెప్పుకుంటుంది, నేను కూడా చెప్పుకుంటాను."

"కూర్చోవే" అంది అత్త వెనకనుంచి. ఆ గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువ ఉంది. నాకు అర్థం కాలేదు. కూర్చోలేదు.

పెద్దాయన ఒక్క నిమిషం నన్ను చూసి లేచారు. "రండి అల్లుడుగారూ, అదీ చూద్దాం" అన్నారు. ఆయన లేస్తే అందరూ లేచారు.

కిటికీ పక్క లేత్ చుట్టూ మూగాం. అల్లుడుగారు తడుముకోకుండా పనిచేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ముక్క బిగించాడు. టూలు మొన తాకించి ఆఫ్‌సెట్ కొట్టాడు, రెండోసారి సరిచూసుకున్నాడు. తలుపు మూశాడు. తలుపుకి కొత్త అద్దం, ఇంకా దాని మీద కాగితం అంటు పూర్తిగా పోలేదు. ఆయన దాని ముందు నిలబడ్డాడు, అత్త ఎప్పుడూ నిలబడే చోటే.

బొటనవేలు స్టార్ట్ మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. తర్వాత ఆయన ఎడమ చెయ్యి దానంతట అదే వెళ్ళినట్టు పక్కనున్న గుండ్రటి నాబ్ మీదికి వెళ్ళింది. టూలు విసురుని తగ్గించేది ఆ నాబ్. మా షెడ్డులో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తగ్గిస్తే ముక్కకి టైమెక్కువ పడుతుందని, ఎప్పుడూ పూర్తి విసురు మీదే ఉండాలని దాని మీద టేపు అంటించి ఉంటుంది. ప్రతి మెషీన్‌కీ ఆ టేపు అంటించింది ఆయనే. ఇప్పుడు గోటితో దాని అంచు లేపుతున్నాడు.

మిల్లింగ్ మెషీన్ నడిపే పొడుగాయన మా అందరికంటే ముందు చూశాడు. "అల్లుడుగారూ, టేపు తీస్తున్నారేంటి?" అన్నాడు.

"మొదటి ముక్క కదా. నెమ్మదిగా చూసుకోవాలి."

"ఆవిడదీ మొదటి ముక్కేనండీ" అన్నాడు పొడుగాయన.

అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"టేపు అంటించు" అన్నారు పెద్దాయన. ఆయన అల్లుణ్ణి నువ్వు అనడం మేమెవరం అంతకు ముందు వినలేదు. "అంటించి, నొక్కు."

అల్లుడుగారు టేపు మళ్ళీ అద్దాడు. అది సరిగ్గా అంటలేదు. బొటనవేలు స్టార్ట్ మీద పెట్టాడు. అద్దంలో తన మొహం తనకే కనిపిస్తూ ఉండి ఉంటుంది. నొక్కకుండానే, అద్దం ముందునుంచి ఒకడుగు పక్కకి జరిగాడు.

అప్పుడు అత్త గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చింది. "జరగండి బాబూ, కొత్త టూలు కూడా విరుగుతుంది" అని, బాగున్న చేత్తో ఎర్ర బటన్ నొక్కి మెషీన్ ఆపేసింది.

"అంటే ప్రోగ్రాంలోనే ఏదో ఉండి ఉంటుంది" అన్నాడు అల్లుడుగారు, నా వైపు చూస్తూ. ఎంత తొందరగా తిరిగాడో.

"ఉంది" అన్నాను. "ఏం ఉందో మీ సిమ్యులేషన్‌లో పొద్దున్నే ఎర్రగా చూపించాను. టిక్కు తీసేసి పచ్చది వేశారు. పెద్దాయన గదిలోకి వస్తే మళ్ళీ పెట్టి చూపిస్తాను. ఎన్నాళ్ళనుంచి తీసేసి ఉందో కూడా చూపిస్తాను."

పెద్దాయన వచ్చారు. నిలబడే చూశారు, ఎర్రది ఒకసారి, పచ్చది ఒకసారి. తిరిగి వెళ్తూ, లేత్ దగ్గర ఆగి అత్తతో "రేపు మామూలుగా వచ్చెయ్యమ్మా, మెషీన్ నీదే" అన్నారు. పొరపాటైంది అని అనలేదు. మోచెయ్యి ఎలా ఉందని అడగలేదు. అల్లుణ్ణి కేబిన్‌లోకి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నారు. రేపు ఆయన మళ్ళీ వస్తాడు, నేను మళ్ళీ కుర్చీ జరపాలి, నాకు తెలుసు. టిక్కు మాత్రం ఇక తియ్యనివ్వను.

అందరూ వెళ్ళాక అత్త లేత్ తుడుస్తూ ఉండిపోయింది. తుడవడానికి అక్కడేమీ లేదు. నేను పక్కన నిలబడ్డాను. గెలిచినట్టు ఉండాలి కదా, ఇంకా కోపంగానే ఉంది.

"ఎందుకు ఒప్పుకున్నావు?" అన్నాను.

ఆవిడ గుడ్డ మడత పెట్టింది. "వాడే చెప్పాడు కేబిన్‌లో. ప్రోగ్రాం తప్పన్నా అవ్వాలి, ఆఫ్‌సెట్ తప్పన్నా అవ్వాలి, ప్రోగ్రామైతే మీ మేనకోడలి ఉద్యోగం పోతుంది, చూసుకోండి అన్నాడు. నేను ఆఫ్‌సెట్ సరిగ్గానే కొట్టాను. కాబట్టి ఇక నీదే అయ్యుంటుందనుకున్నాను."

ఆ నవ్వు ముందు ఎవరి దగ్గర నవ్వి చూసుకున్నాడో అప్పుడు తెలిసింది.

"నా తప్పేనని నమ్మేశావా?"

"నమ్మాను."

"ఇంట్లో ఒకే గదిలో పడుకుంటాం. రోజూ ఒకే బస్సులో వస్తాం. ఒక్క మాట నన్ను అడగొచ్చు కదా అత్తా. నీ మెషీన్ వదిలేసుకోవడానికి సిద్ధపడ్డావు కానీ, ఒసేయ్, నువ్వు చేశావా అని అడగలేకపోయావా?"

ఆవిడ మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"అడిగితే, అవునంటావేమోనని అడగలేదు" అంది.

నా కోసం అంత పని చేసిన మనిషి మీద అంత కోపం ఎలా వస్తుందో నాకు తెలియలేదు, కానీ వచ్చింది. ఇద్దరం ఒకే బస్సెక్కి, వేరు వేరు సీట్లలో కూర్చుని ఇంటికెళ్ళాం.